ఈసీజీ, ఎక్స్‌రే నార్మల్ వచ్చాయి, వేప్ కొనసాగించవచ్చా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. వయసు 29. ఎనిమిదేళ్ల పాటు రోజుకు పది దాకా సిగరెట్లు కాల్చారు. ఏడాదిన్నర కిందట వేప్‌కి, అంటే ఈ-సిగరెట్‌కి మారారు గానీ, స్నేహితులు కలిసినప్పుడు రెండు మూడు సిగరెట్లు ఇంకా పడుతున్నాయి. ఈమధ్య రాత్రి పడుకోగానే గుండె దడగా ఉంటోంది, మూడంతస్తులు ఎక్కితే ఇదివరకు లేని ఆయాసం వస్తోంది. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే రెండూ నార్మల్. వేపింగ్ 95 శాతం సేఫ్ అని స్నేహితుడు అంటున్నాడు. అలాగే కొనసాగించవచ్చా, నికోటిన్ లేనిదానికి మారితే సరిపోతుందా, లేదంటే మళ్లీ సిగరెట్‌కే వెళ్లడం మేలా అని అడిగారు.

ఛాతీ జబ్బుల వైద్యుడిగా ఇలాంటి ప్రశ్న ఈమధ్య తరచుగా వింటున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. సిగరెట్‌కి ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి వెళ్లకండి. ఆ రెండు మూడు సిగరెట్లు కూడా ఈ వారమే ఆపేయండి. వేప్ వదిలే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆ రెండు రిపోర్టులు బాగుండటం సంతోషమే, కానీ మీరు అడిగినదానికి జవాబు వాటిలో దొరకదు. ఎందుకు దొరకదో చెప్పాలంటే లోపలికి ఏం పోతోందో, అది ఎక్కడ ఏం చేస్తోందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ముందు ఆ 95 శాతం సంగతి చూద్దాం. ఆ మాట 2015లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ చెప్పడంతో ప్రపంచమంతా పాకింది. దాని వెనక 2014లో అచ్చయిన ఒక అంచనా ఉంది. 12 మంది నిపుణులు కూర్చుని, రకరకాల నికోటిన్ ఉత్పత్తులకు హాని విషయంలో ఎన్ని మార్కులు వేయొచ్చో చర్చించి వేశారు. వేప్ వాడేవాళ్లను ఇరవై ముప్పై ఏళ్లు వెంటాడి లెక్కగట్టిన అంకె కాదది. అప్పటికి ఈ వస్తువు పుట్టి పదేళ్లు దాటిందంతే. చైనాకు చెందిన ఫార్మసిస్ట్ హాన్ లిక్ ఇప్పటి నమూనాకు రూపం ఇచ్చింది 2003లో. పైగా ఆ పోలిక సిగరెట్‌తో. మానకుండా కాల్చేవాళ్లలో సగం మంది దాకా ప్రాణాలు తీసే వస్తువు పక్కన నిలబెడితే ఏదైనా మంచిదిగానే కనిపిస్తుంది.

అయితే ఆ పోలికలో నిజం లేదనను. వేప్‌లో పొగాకు కాలదు. కాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు, తారు ఉండదు, కేన్సర్ కలిగించే పదార్థాలు చాలావరకు తగ్గిపోతాయి. సిగరెట్‌ను పూర్తిగా, అంటే ఒక్కటి కూడా ముట్టకుండా వదిలేసి వేప్‌కి మారినవాళ్లకు మేలు జరుగుతుంది. స్కాట్లండ్‌లోని డండీలో 114 మంది ధూమపానం చేసేవాళ్లతో ఒక పరీక్ష చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. వేప్‌కి మారినవాళ్ల రక్తనాళాల పనితీరు నెల తిరిగేసరికి కొలవగలిగినంత మెరుగుపడింది. అందుకే మిమ్మల్ని సిగరెట్ వైపు వెనక్కి వెళ్లొద్దంటున్నాను. కానీ మీ ఊపిరితిత్తులకు అసలైన పోలిక మామూలు గాలితో. ఆ పోలికలో వేప్ నెగ్గదు.

లోపలికి పోయేదేమిటి? పరికరంలో ఒక బ్యాటరీ, ఒక లోహపు తీగ చుట్ట, దాన్ని తడిపి ఉంచే దూది, ఆ దూదిని నానబెట్టే ద్రవం ఉంటాయి. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఫ్లేవర్లు. బటన్ నొక్కినా, పీల్చినా తీగ రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కి ద్రవాన్ని అతి సన్నని తుంపరలుగా మారుస్తుంది. మూసి ఉన్న కారులో రోజూ వేప్ చేసేవాళ్లు అద్దం లోపలి వైపు వేలితో రాసి చూడండి, జిడ్డు పొర తగులుతుంది. నీటి ఆవిరి అయితే ఆరిపోయి పోవాలి, ఇది పోదు. ఆ తుంపరల్లో చాలావాటి సైజు మైక్రాన్‌ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నది, అందుకే ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి సంచులైన గాలితిత్తుల దాకా దిగిపోతాయి.

వాడేసిన కాయిల్‌ను, అంటే ఆ తీగ చుట్టను ఎప్పుడైనా విప్పి చూశారా? కొత్తగా ఉన్నప్పుడు తెల్లగా ఉన్న దూది గోధుమ రంగుకు, తర్వాత నల్లగా మారి ఉంటుంది. తీగ మీద జిగురుగా మాడు పేరుకుపోయి ఉంటుంది. తియ్యటి ఫ్లేవర్లలో అది ఇంకా త్వరగా వస్తుంది. ద్రవం వేడికి విరిగి ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు పుడతాయి. దూది ఎండిపోయి గొంతు మండేలా ఒక పఫ్ తగులుతుందే, అప్పుడు వాటి మోతాదు బాగా పెరుగుతుంది. తీగలోని లోహం కూడా కొంత వస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు రోజూ వేప్ వాడే 56 మంది పరికరాలను పరీక్షించి 2018లో ప్రచురించారు. సీసాలో ఉన్న ద్రవంతో పోలిస్తే కాయిల్ తగిలాక వచ్చిన తుంపరల్లో సీసం, నికెల్, క్రోమియం ఎక్కువగా తేలాయి. అంటే సీసా మీద ముద్రించిన పదార్థాల జాబితా చదివి మీరు పీల్చేదేమిటో తెలుసుకోలేరు.

ఇప్పుడు గుండె. మీ దడకు నేను మొదట అనుమానించేది నికోటిన్‌నే. పీల్చిన 10–20 సెకన్లలో అది మెదడును చేరుతుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, బీపీ కొన్ని పాయింట్లు ఎగబాకుతుంది, రక్తనాళాలు ముడుచుకుంటాయి. అంటే గుండెకు పని పెరిగిన ఆ క్షణంలోనే దానికి రక్తం తెచ్చే దారి ఇరుకవుతుంది. ఇది సిగరెట్‌లోనూ ఉన్నదే. కానీ సిగరెట్ ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాతి దాకా కొంత విరామం ఉంటుంది. వేప్‌కి ఆ ముగింపు లేదు. చేతిలో ఉన్నంతసేపూ ఒక్కో పఫ్ చొప్పున పడుతూనే ఉంటుంది. పని చేసుకుంటూ, ఫోన్ చూస్తూ ఎన్ని పఫ్‌లు పీల్చారో మీకే లెక్క తెలియదు.

దీనికి తోడు ద్రవాల్లో నికోటిన్ రూపం మారింది. మొదట్లో వచ్చిన ద్రవాల్లో మోతాదు పెంచితే గొంతు మండేది, అందువల్ల ఎవరూ ఎక్కువ పీల్చలేకపోయేవారు. 2015లో జూల్ అనే అమెరికన్ వేప్ బ్రాండ్ వచ్చినప్పటి నుంచి నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపిన నికోటిన్ సాల్ట్ వాడకం పెరిగింది. ఆమ్లం కలవగానే మంట తగ్గుతుంది, గాఢమైన మోతాదు కూడా మెత్తగా దిగుతుంది. అమెరికాలో అమ్మిన 5 శాతం పాడ్‌లో (ద్రవం నింపిన చిన్న గుళికలో) మిల్లీలీటరుకు 59 మి.గ్రా. నికోటిన్ ఉండేది. యూరప్‌లో చట్టం అనుమతించే గరిష్ఠ మోతాదు 20 మి.గ్రా. గొంతు మంట శరీరం చేసే హెచ్చరిక. దాన్ని తీసేశాక ఎంత ఎక్కువైందో చెప్పేది చివరికి గుండె దడే.

మరి పడుకున్నాకే ఎందుకు? రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికి రెండు గంటల దాకా పడుతుంది. రోజంతా పీలుస్తూ ఉంటే నిల్వ పెరుగుతూ పోయి సాయంత్రానికి గరిష్ఠానికి చేరుతుంది. పడుకునే ముందు ఇంకో పది పఫ్‌లు పడితే, శరీరం నెమ్మదించాల్సిన వేళ అడ్రినలిన్ పరుగెత్తిస్తూ ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ను ఎక్కువ పని చేయిస్తాయి. కాఫీలోని కెఫీన్‌ను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. ఆ ప్రభావం పొగది, నికోటిన్‌ది కాదు. సిగరెట్లు తగ్గించి వేప్‌కి మారగానే ఎంజైమ్ మామూలు స్థితికి వస్తుంది, అదే కాఫీ కప్పుకు రక్తంలో కెఫీన్ ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో నిలుస్తుంది. మీరు రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవారైతే సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత మానేసి చూడండి. ఆస్తమాకి థియోఫిలిన్ లాంటి మందులు వాడేవాళ్లకు కూడా ఇదే కారణంగా మోతాదు సరిచూడాల్సి వస్తుంది. సిగరెట్ మానిన సంగతి డాక్టర్‌కి చెప్పాలి.

నికోటిన్ లేనిదానికి మారితే సరిపోతుందా అన్నారు. దడ తగ్గొచ్చు. రక్తనాళాల సంగతి వేరు. ధమనుల లోపలి గోడకు ఎండోథీలియం అనే ఒక్క కణం మందం పొర ఉంటుంది. అవసరాన్ని బట్టి నాళాన్ని సడలించేది, రక్తం గడ్డకట్టకుండా చూసేది అదే. కొవ్వు పేరుకోవడం ఆ పొర దెబ్బతిన్న చోటే మొదలవుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిగరెట్ ముట్టని 31 మంది ఆరోగ్యవంతులకు నికోటిన్ అస్సలు లేని వేప్‌ను 16 పఫ్‌లు ఇచ్చి, ముందూ తర్వాతా తొడ ధమనిని ఎమ్మారైతో చూశారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో, ధమని సడలే సామర్థ్యం 34 శాతం తగ్గింది. అది తాత్కాలికమే, కాసేపటికి మామూలవుతుంది. నా ఆందోళన ఎక్కడంటే, రోజుకు వంద రెండు వందల పఫ్‌లు పీల్చేవాళ్లలో ఆ పొరకు మామూలయ్యే తీరిక ఎప్పుడు దొరుకుతుందని. వేడికి పుట్టే ఎక్రోలిన్, ఆ సన్నని కణాలు, ఇవన్నీ నికోటిన్ ఉన్నా లేకున్నా ఉంటాయి.

వేపింగ్ వల్ల గుండెపోట్లు పెరిగాయని నిరూపణ అయిందా అంటే, నిజాయితీగా చెప్పాలి. 2019లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పత్రికలో అలా చెప్పిన ఒక పరిశోధనను 2020 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు. గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరికి అది వేప్ మొదలుపెట్టక ముందే వచ్చిందా, తర్వాత వచ్చిందా అన్నది ఆ లెక్కల్లో సరిగా తేలలేదు. పాత పోస్టుల్లో ఆ వార్త ఇంకా తిరుగుతోంది, దాన్ని నమ్మి భయపడనక్కర్లేదు. వేప్ వాడేవాళ్లలో ఎక్కువమంది యువకులు, వాళ్లలో చాలామంది ఒకప్పుడు సిగరెట్ కాల్చినవాళ్లు. కాబట్టి దేని పాపం ఎంతో విడదీయాలంటే ఏళ్లు పడుతుంది. నేను ఆధారపడేది అప్పటికప్పుడు కొలవగలిగే వాటి మీద. గుండె వేగం, బీపీ, రక్తనాళాల బిగుసుదనం, ఎండోథీలియం పనితీరు. గుండెజబ్బు దిశగా వెళ్లే దారిలో మనం మైలురాళ్లుగా గుర్తించేవి ఇవే.

మీ విషయంలో వేప్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ రెండు మూడు సిగరెట్లు. "ఎప్పుడో ఒకటి, అది లెక్కేంటి" అనుకుంటాం. ఊపిరితిత్తుల కేన్సర్ విషయంలో కాల్చిన సంఖ్యకు తగ్గట్టు ముప్పు తగ్గుతుంది, అది నిజమే. గుండెకు ఆ లెక్క పనిచేయదు. 141 అధ్యయనాలను కలిపి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన విశ్లేషణలో, రోజుకు ఒక్క సిగరెట్ కాల్చే మగవాళ్లకు, రోజుకు ఇరవై కాల్చేవాళ్లకు వచ్చే అదనపు గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఉన్నట్టు తేలింది. ఆడవాళ్లలో మూడో వంతు దాకా. ఇరవైని ఒకటికి తగ్గిస్తే ముప్పు ఇరవయ్యో వంతుకు దిగుతుందనుకుంటాం, దిగదు. రక్తంలో ప్లేట్‌లెట్లు అంటుకునే గుణం కొద్దిపాటి పొగకే బాగా పెరిగిపోవడం దీనికి ఒక కారణం. వేప్ పట్టుకుని అప్పుడప్పుడు సిగరెట్ కూడా కాల్చేవాళ్లకు సిగరెట్ ముప్పులో పెద్ద భాగం అలాగే ఉంటుంది, పైన వేప్ హాని కలుస్తుంది.

ఊపిరితిత్తుల లెక్కల్లోనూ ఇదే కనిపించింది. అమెరికాలో వేలమందిని 2013 నుంచి 2016 దాకా గమనించిన పాత్ అధ్యయనంలో, మొదట ఏ ఊపిరితిత్తుల జబ్బూ లేనివాళ్లను తీసుకుని చూస్తే, ఆస్తమా, బ్రాంకైటిస్, సీవోపీడీ (గాలిగొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) లాంటివి కొత్తగా రావడం వేప్ వాడేవాళ్లలో వాడనివాళ్ల కంటే 1.29 రెట్లు, సిగరెట్ కాల్చేవాళ్లలో 2.56 రెట్లు ఎక్కువగా కనిపించింది. రెండూ వాడేవాళ్లలో 3.3 రెట్లు. మీరు ఇప్పుడు ఉన్నది ఆ మూడో గుంపులో. ఇంతమంది ఉన్నా అధ్యయన కాలం మూడేళ్లే, కాబట్టి దీన్ని తుది తీర్పుగా తీసుకోను. కానీ మీ స్నేహితుడు చెప్పిన 95 శాతం మాట మీకు ఎందుకు వర్తించదో ఇది చూపిస్తుంది.

ఆయాసం గురించి. మన గాలిగొట్టాల లోపలి గోడ మీద సీలియా అనే సన్నని వెంట్రుకలు ఒకే లయలో కదులుతూ కఫాన్ని, దానిలో చిక్కిన దుమ్మును, క్రిములను పైకి నెడుతూ ఉంటాయి. వేప్ తుంపరలు ఆ కఫాన్ని చిక్కబరుస్తాయి, సీలియా కదలికను మందగింపజేస్తాయి. దాల్చినచెక్క రుచినిచ్చే సిన్నమాల్డిహైడ్ మనిషి శ్వాసనాళ కణాల మీద ప్రయోగశాలలో పోస్తే సీలియా కదలిక పడిపోయింది. ఫ్లేవర్ల విషయంలో జనం చేసే పొరపాటు ఇక్కడే. "తినే పదార్థాల్లో వాడేదే కదా" అంటారు. తినడానికి అనుమతి ఉందంటే అది కడుపుకు ఇచ్చిన అనుమతి. కడుపులో ఆమ్లం ఉంది, వెనక కాలేయం ఉంది. గాలితిత్తి గోడ చాలా చోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు, అవతల నేరుగా రక్తమే.

వెన్న రుచినిచ్చే డైఎసిటైల్ దీనికి మంచి ఉదాహరణ. తింటే ఏమీ కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి చిన్న గాలిగొట్టాలు శాశ్వతంగా పూడుకుపోయిన జబ్బు బయటపడింది. రోజూ దాని ఆవిరి పీల్చడమే కారణమని తేలింది. పాప్‌కార్న్ లంగ్ అనే పేరు అలా వచ్చింది. హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల వేప్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39 వాటిల్లో డైఎసిటైల్ దొరికింది. అయితే వేప్ వాడే ప్రతివాడికీ పాప్‌కార్న్ లంగ్ వస్తుందని ప్రచారం చేసేవాళ్లతో నేను ఏకీభవించను. సిగరెట్ పొగలో డైఎసిటైల్ ఇంకా ఎక్కువే ఉంటుంది. వేప్ వల్ల ఆ జబ్బు విస్తృతంగా వచ్చిన దాఖలా లేదు. బ్రిటన్‌లో దాన్ని ద్రవాల్లో కలపనివ్వరు. లేని భయం చూపిస్తే, ఉన్న ప్రమాదం చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు.

గాలితిత్తుల సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం. అవి ముప్పై నుంచి యాభై కోట్ల దాకా ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడు అతుక్కుపోకుండా వాటి లోపల సర్ఫాక్టెంట్ అనే పలుచని కొవ్వు పొర ఉంటుంది. మాక్రోఫేజ్‌లు అనే కాపలా కణాలు ఆ పొరను శుభ్రం చేస్తూ, క్రిములను మింగేస్తూ తిరుగుతుంటాయి. 2019లో బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు ఎలుకల మీద చేసిన పనిలో, నికోటిన్ లేకుండా కేవలం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ పీల్పించినా ఆ మాక్రోఫేజ్‌లలో కొవ్వు పేరుకుపోయింది, ఫ్లూ వైరస్ సోకినప్పుడు అవి సరిగా పోరాడలేకపోయాయి. ఎలుక మనిషి కాదు. అయినా వేప్ వాడేవాళ్లు "జలుబు వస్తే ఈమధ్య త్వరగా తగ్గట్లేదు, దగ్గు వారాల తరబడి ఉంటోంది" అని చెప్పినప్పుడు నాకు ఆ పరిశోధనే గుర్తొస్తుంది.

2019లో అమెరికాలో జరిగింది కూడా మీకు తెలియాలి. ఆ వేసవి నుంచి ఆరోగ్యంగా ఉన్న యువకులు దగ్గు, ఆయాసం, జ్వరం, వాంతులతో ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. సీటీలో రెండు ఊపిరితిత్తులూ మసకబారి కనిపించేవి, చాలామందికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది. దానికి ఇవాలి అని పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు. ప్రధాన కారణం గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఉన్న, అనధికారికంగా అమ్మిన ద్రవాల్లో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. 51 మంది రోగుల ఊపిరితిత్తులు కడిగిన ద్రవం పరీక్షిస్తే 48 మందిలో అది ఉంది, పోలిక కోసం చూసిన 99 మంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. మీరు వాడే ద్రవంలో అది ఉందని నేను అనట్లేదు. కానీ విటమిన్ ఈ చర్మానికి రాస్తాం, మాత్రగా మింగుతాం, అదే పీలిస్తే ప్రాణం పోయింది. ఎవరు తయారు చేశారో తెలియని ద్రవం, ఇంట్లో కలుపుకున్నది, ఎవరో ఇచ్చిన పాడ్ మాత్రం ఎప్పుడూ నోట పెట్టకండి.

ఇప్పుడు మీ రిపోర్టులు. ఈసీజీ అంటే మీరు పడుకుని ఉన్న పది సెకన్లలో గుండెలో విద్యుత్తు ఎలా పారిందో చెప్పే రికార్డు. రాత్రి పదకొండింటికి వచ్చే దడ పగలు తీసిన ఈసీజీలో ఎలా దొరుకుతుంది? ఎండోథీలియం సంగతి అది అసలే చెప్పదు. ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా, నీరు, గడ్డలు కనిపిస్తాయి. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని గాలిగొట్టాల్లో వాపు కనిపించదు. వేప్, సిగరెట్ హాని ముందుగా మొదలయ్యేది అక్కడే. ఆ ప్రాంతం మామూలు స్పైరోమెట్రీకి (గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే ఊపిరితిత్తుల పరీక్షకు) కూడా ఆలస్యంగానే చిక్కుతుంది.

అలాగని పెద్ద పరీక్షలన్నీ చేయించుకోమనను. మీకు నేనైతే ఇవి చూస్తాను. ఇన్‌హేలర్ ఇవ్వక ముందూ ఇచ్చాకా స్పైరోమెట్రీ, వీలైతే గాలితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కొలిచే డీఎల్‌సీవో. దడ కోసం 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ. దాంతోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్ తప్పకుండా. ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి, అన్నీ వేప్ మీద తోసేసి వాటిని వదిలేయడం తప్పు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వేప్ చేయకముందు, చేసిన పది నిమిషాలకు గుండె వేగం, బీపీ రెండు మూడు రోజులు రాసుకోండి. నేను చెప్పే మాటల కంటే ఆ కాగితం మీద మీ చేత్తో రాసిన అంకెలు మీకు ఎక్కువ నచ్చజెబుతాయి.

మానే పద్ధతికి వద్దాం. వరస ముఖ్యం. మొదట సిగరెట్ పూర్తిగా పోవాలి. తర్వాతే వేప్. రెండూ ఒకేసారి మానగలిగితే ఇంకా మంచిది, కానీ ఒకటే అయ్యేట్టుంటే అది సిగరెట్ కావాలి. వేప్ సాయంతో సిగరెట్ మానడం సాధ్యమే. బ్రిటన్‌లో 886 మందితో చేసిన పరీక్షలో ఏడాది తర్వాత వేప్ గుంపులో 18 శాతం, నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి వాడిన గుంపులో 9.9 శాతం సిగరెట్‌కి దూరంగా ఉన్నారు. కానీ ఆ వేప్ గుంపులో మానినవాళ్లలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వదల్లేదు. మీరు ఆగిపోయింది కూడా అక్కడే. ఇందులో మీ మనోబలం తక్కువై జరిగింది ఏమీ లేదు. పగలంతా చేతిలో ఉండే వస్తువు, మంట లేని నికోటిన్, అది పట్టు సాధించడం సహజం.

చాలామంది నికోటిన్ శాతం ఒక్కసారిగా తగ్గించేస్తారు. అప్పుడు శరీరం తనకు కావలసింది రాబట్టుకోవడానికి మీకు తెలియకుండానే ఇంకా లోతుగా, ఇంకా ఎక్కువసార్లు పీల్చేలా చేస్తుంది. నికోటిన్ తగ్గినా లోపలికి పోయే తుంపరలు, ఫార్మాల్డిహైడ్ పెరుగుతాయి. కాబట్టి మోతాదు కంటే ముందు సందర్భాలను తగ్గించండి. పడకగదిలో, కారులో వేప్ వద్దు. నిద్రకు రెండు గంటల ముందు ఆపేయండి. లేచిన అరగంటలోపు ముట్టకండి. ఈ చివరిది అన్నిటికంటే కష్టం, లేవగానే చేయి దానికోసం వెతుకుతుందంటే అలవాటు గట్టిగానే పట్టిందని అర్థం. పరికరం జేబులో కాకుండా లేచి వెళ్లి తీసుకోవాల్సిన చోట పెట్టండి. పఫ్‌ల సంఖ్య అక్కడే సగం పడిపోతుంది. ఆ తర్వాత ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపండి.

ఆపాక మొదటి మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత కుదరకపోవడం బాగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. వాటిని భరించలేకపోతే మందుల సాయం తీసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నికోటిన్ ప్యాచ్ నెమ్మదిగా, సమానంగా ఇస్తుంది కాబట్టి వేప్‌లా ఎగబాకడం ఉండదు. గమ్ వాడితే రెండు మూడుసార్లు నమిలి, చురుక్కుమనగానే దవడ పక్కన ఉంచాలి. మామూలు చూయింగ్ గమ్‌లా నములుతూ పోతే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి పనిచేయదని పారేస్తారు. వరెనిక్లిన్ అనే మాత్ర మీద 2025లో వచ్చిన పరీక్ష ఆశ కలిగించేది. వేప్ మానాలనుకున్న 16–25 ఏళ్ల వాళ్లలో, సలహా సాయంతో పాటు ఆ మాత్ర వాడినవాళ్లు చికిత్స చివరి నెలలో 51 శాతం మానగలిగారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 14 శాతమే. మీ డాక్టర్‌తో మాట్లాడి, మిగతా మందులు, మానసిక ఆరోగ్యం చూసుకుని మొదలుపెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, ఛాతీలో నొక్కినట్టు నొప్పి వస్తే, దడతో పాటు కళ్లు తిరిగి పడిపోతే, దగ్గు, జ్వరంతో పాటు వాంతులు, విరేచనాలు ఉంటే, పెదవులు నీలం తిరిగితే, ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి. వేప్ వాడతానని మీ అంతట మీరే చెప్పండి. "సిగరెట్ తాగుతారా" అని అడిగితే "మానేశాను" అని చెప్పి ఊరుకునేవాళ్లు చాలామంది, అక్కడే కారణం చేజారిపోతుంది. పరికరం, పాడ్ వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టర్‌కి కూడా ఇది తెలియాలి.

స్పైరోమెట్రీ చేయించాక రిపోర్టులోని ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ, వాటి నిష్పత్తి, డీఎల్‌సీవో చేశాక దాని శాతం ఇక్కడ రాయండి. హోల్టర్‌లో దడ వచ్చిన సమయాలు, ఆ రోజు వేప్ చేసిన సమయాలు పక్కపక్కన రాసి పెడితే రెండూ కలిపి చూసి చెబుతాను.